నెత్తుట్లో సీసం

అతావుల్లా పనిలో ఉన్నప్పుడే పోయినాడు. అది తొంభైతొమ్మిదో సంవత్సరం, ఎండలు మండే కాలం. చిలమత్తూరు అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఈశ్వరప్పకు ఒక రేకుల షెడ్డు ఉండేది. లారీలవీ ట్రాక్టర్లవీ పాడైపోయిన బ్యాటరీలు చుట్టుపక్కల ఊర్ల నుంచి అక్కడికి చేరేవి. వాటిని గొడ్డలితో పగలగొట్టి, ఆసిడ్ నేల మీద పారబోసి, లోపలి ప్లేట్లను బట్టీ మీద కరిగించి, సీసాన్ని దిమ్మెలుగా పోసేవాళ్లు. అతావుల్లాది బట్టీ దగ్గర పని. ఆ పొద్దు మధ్యాన్నం అన్నానికని లేచి, చేతులు కడుక్కునేదానికి నీళ్ల తొట్టి దాకా నడిచి, అక్కడే కూలబడినాడు. తోటి పనివాళ్లు ఆటోలో వేసుకుని హిందూపురం తెచ్చేలోపలే ప్రాణం పోయింది. గుండెపోటన్నాడు డాక్టరు. ఆయనకు నలభై ఏండ్లు కూడా నిండలేదు.

సుల్తానాకు అతావుల్లా చిన్నాయన. ఆమె నాయనకు సొంత తమ్ముడు. ఆమె అప్పటికి అనంతపురంలో హాస్టల్లో ఉండి బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతా ఉండేది. వాళ్లది దూదేకుల కుటుంబం. తాత ఊరూరూ తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. నాయన అబ్దుల్ గఫూర్ హిందూపురంలో బ్యాటరీలు బాగుచేసే అంగడి పెట్టినాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి సుల్తానానే. ఆడపిల్లను అంత దూరం పంపేది లేదని నాయన భీష్మించుకుని కూర్చుంటే, అన్నతో వాదులాడి, ప్యాసింజరు బండిలో ఆమెను వెంటబెట్టుకుపోయి సీటు ఇప్పించింది ఈ చిన్నాయనే. కబురంది ఆమె ఇల్లు చేరేసరికి మట్టి కూడా అయిపోయింది.

పలకరించేదానికి వచ్చినవాళ్లు తలా ఒక కారణం చెప్పినారు. బీడీలు ఎక్కువ తాగేవాడన్నారు కొందరు. ఆ ఎండకూ ఆ బట్టీ సెగకూ ఎవరి గుండైనా ఆగిపోతుందన్నారు ఇంకొందరు. దేవుడు అంతే రాసిపెట్టినాడన్నాడు నాయన. సుల్తానా మాత్రం చిన్నాయన కుడిచెయ్యి గురించి ఆలోచిస్తా ఉండిపోయింది. ఏడాదిగా ఆ చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి పైకి లేచేది కాదు. చొక్కా గుండీలు పిన్నమ్మే పెట్టేది. అది నరాల బలహీనతని ఎవరో చెబితే, టానిక్కు సీసా ఒకటి కొనుక్కుని, నవ్వి ఊరుకున్నాడు ఆయన.

హాస్టలుకు తిరిగిపోయినాక ఆమె లైబ్రరీలో విషాల గురించిన పెద్ద పుస్తకం ఒకటి తీసి చూసింది. సీసం నరాలను దెబ్బతీస్తుందని, ముందుగా చేతిని పైకెత్తే నరాలే చచ్చుబడతాయని, మణికట్టు వాలిపోతుందని అందులో రాసుండాది. చిన్నాయన చేతిని చూసి రాసినట్టే ఉంది ఆ వాక్యం. ఆ తర్వాత కడుపునొప్పి గురించీ, పిల్లల తెలివి మందగించడం గురించీ పేజీలకు పేజీలు ఉన్నాయి. గుండె గురించి మాత్రం నాలుగు ముక్కలే. సీసం రక్తపోటును పెంచవచ్చునని కొందరు అంటున్నారు, ఇంకా పరిశోధన జరగాలి, అంతే. చేతిని వాల్చిన సీసమే గుండెనూ ఆపిందా అన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది ఆమెను. ఎమ్మెస్సీ అయిపోగానే పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టి, ఇదే తన విషయమని రాసింది.

గైడు విష్ణువర్ధన్ మంచివాడు, జాగ్రత్త మనిషి. ముందు ఎలుకల మీద చెయ్యమన్నాడు. ఏడాదికి పైగా సుల్తానా ఎలుకలకు నీళ్లలో సీసం ఉప్పు కలిపి తాపింది. తోకకు చిన్న పట్టీ చుట్టి రక్తపోటు కొలిచింది. యంత్రం సరిగ్గా పనిచేయక, కరెంటు ఉండక, చేసిందే మళ్లీ చేయాల్సి వచ్చేది. చివరికి ఫలితం తేలింది. సీసం తాగిన ఎలుకల రక్తపోటు పెరిగింది, గుండె గోడలు మందమైనాయి. విష్ణువర్ధన్ సంతోషపడినాడు. దీన్ని ఇంకొంచెం పొడిగిస్తే డిగ్రీ వస్తుంది, అక్కడికి ఆపేయమన్నాడు.

సుల్తానా ఆపేదానికి ఒప్పుకోలేదు. ఎలుకల్లో ఇంతకు ముందే వేరే దేశాలవాళ్లు చూసినారు, మన షెడ్లలో పనిచేసే మనుషుల్లో ఎవరూ చూడలేదు, నాకు కావాల్సింది అదే అనింది. మనుషులంటే ఎలుకల మాదిరి బోనులో ఉండరని, ఒక్కొక్కరినీ అడిగి ఒప్పించాలని, యూనివర్సిటీ కమిటీ అనుమతి కావాలని, ఆడపిల్లవు ఆ షెడ్లలో తిరగలేవని ఆయన చాలా చెప్పినాడు. ఆమె అన్నీ విని, అనుమతి కోసం కాగితాలు రాసుకొచ్చి మరుసటి వారం మళ్లీ ఆయన టేబుల్ ముందు నిలబడింది. ఆయన సంతకం పెట్టినాడు. రక్తంలో సీసం కొలిచే యంత్రం తమ దగ్గర లేదు కాబట్టి, బెంగుళూరులో తనకు తెలిసిన ల్యాబుతో మాట్లాడి కూడా పెట్టినాడు.

రక్తం తీసేదానికి హిందూపురం ఆసుపత్రి నర్సు ఇంద్రాణి సెలవు దినాల్లో వస్తానని ఒప్పుకుంది. ఇద్దరూ ఐసు డబ్బా పట్టుకుని షెడ్డుకు పోయినారు. చిన్నాయనతో పనిచేసినవాళ్లే అక్కడ ఎక్కువమంది. సుల్తానాను చూసి పలకరించినారు, మంచం వాల్చినారు. రక్తం అనేసరికి మాత్రం ఒక్కొక్కరే పక్కకు జరిగినారు. అందరికంటే పెద్దవాడు చౌడప్ప. అతావుల్లా పోయినాక బట్టీ పని చేస్తున్నది ఆయనే. రక్తం తీస్తే బలం పోతుందని, బలం పోతే పని పోతుందని, తమను వదిలేయమని చెప్పినాడు.

అంతలో ఈశ్వరప్ప జీపు వచ్చింది. చిలమత్తూరు పక్కన ఆయనకు వేరుశనగ భూములుండేవి. వానలు లేక అవి బీడుపడినాక ఈ వ్యాపారంలోకి దిగినాడు. పార్టీలో కూడా తిరిగేవాడు. కోపం చూపలేదు. కాఫీ తెప్పించినాడు, అతావుల్లా ఎంత మంచి పనివాడో చెప్పినాడు. తర్వాత మెల్లగా అసలు మాటకు వచ్చినాడు.

"నీకు చెప్పేంతోణ్ణి కాను సుల్తానమ్మా. ఈ కరువు నేలలో వీళ్లకు నాలుగు దినాలు పని చూపించేది ఈ షెడ్డొక్కటే. నువ్వు ఏదో రాస్తావు, ఎవడో ఆఫీసరు వచ్చి బీగం వేస్తాడు. అప్పుడు వీళ్లు యాడికి పోవల్ల? మీ నాయన అంగడికి సీసం యాడి నుంచి వస్తాండాదో కూడా ఒకసారి ఆలోచన చేసుకో."

ఆమె ఇల్లు చేరకముందే ఆ కబురు అంగడికి చేరింది. అబ్దుల్ గఫూర్ కూతురి మీద ఎప్పుడూ గొంతు పెంచినవాడు కాదు. ఆ సాయంత్రం పెంచినాడు. తమ్ముడు పోయిన దుఃఖం నాకు లేదా, దాన్ని పట్టుకుని అన్నం పెట్టే చేతిని కొరుకుతావా అని అడిగినాడు. ఇంకోసారి షెడ్డు దిక్కు పోతే అనంతపురం చదువు కూడా అక్కర్లేదన్నాడు. తల్లి నూర్జాన్ పెరట్లో వంట చూసుకుంటా ఉండిపోయింది. సుల్తానా పొద్దున బండికే అనంతపురం వచ్చేసింది.

ఆ వేసవి సెలవులన్నీ ఆమె ఇంట్లోనే గడిపింది కానీ తండ్రీ కూతుళ్ల మధ్య మాటలు పెద్దగా లేవు. తిరిగి వచ్చినాక బెంగుళూరు ల్యాబుకు పోయి పని నేర్చుకుంది. యంత్రం సరిగ్గా చూపిస్తోందా లేదా తెలియాలంటే మామూలు మనుషుల రక్తం కావాలి. సీసంతో సంబంధం లేని మనుషులని తన హాస్టలు స్నేహితురాళ్ల రక్తం తీసుకుపోయింది, వాళ్లతో పాటు తనదీ. స్నేహితురాళ్లందరి లెక్కలూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చినాయి. ఒక్కటి మాత్రం చాలా పైన నిలిచింది. రక్తం పోసిన గొట్టం కడగడంలో తప్పు జరిగిందేమోనని మళ్లీ చేసింది. మళ్లీ అంతే వచ్చింది. అది ఆమె రక్తమే.

ల్యాబు బయట మెట్ల మీద కూర్చుని ఆమె ఒక్కొక్కటే లెక్కేసుకుంది. బ్యాటరీ ఒక్కటీ తన చేత్తో పగలగొట్టింది లేదు. ఎలుకల ల్యాబులో సీసం ఉప్పును తొడుగులు లేకుండా ముట్టిందీ లేదు. షెడ్డులో కూర్చున్నదీ ఒక్క పూటే. ఇంక మిగిలింది ఇల్లు. అంగడి వెనకాలే తాము కాపురముండే రెండు గదులు. పెరట్లో నాయన పొయ్యి పెట్టి బ్యాటరీల మీద తీగలు తగిలించే కొనల కోసం సీసం కరిగించేది అమ్మ వంట చేసే చోటికి పక్కనే. నాయన బట్టలూ తమ బట్టలూ ఒకే బక్కెట్లో ఉతికేవాళ్లు. చిన్నప్పుడు పెరట్లో పడిన సీసం గుండ్లతో ఆమె ఆడుకునింది. సీసం ఎముకల్లో చేరి ఏండ్ల తరబడి ఉండిపోతుందని తాను చదివిన మాట ఇప్పుడు చదువు మాదిరి అనిపించలేదు. భయం వేసింది. కానీ భయం వెనకాలే ఇంకొకటి తెలిసింది ఆమెకు. ఇంతవరకూ ఆమె షెడ్డుకు పోయింది వేరేవాళ్ల రక్తం అడిగేదానికి. ఇకమీద అట్లా కాదు.

అదే వారం హిందూపురం పోయింది. మధ్యాన్నం అంగడి మూసి నాయన అన్నానికి కూర్చున్నప్పుడు, చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మనింది. ఆయన విసుక్కుంటానే కడుక్కుని వచ్చినాడు. అన్నం తినేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. స్నేహితురాళ్ల లెక్క ఎంతుందో, తన లెక్క ఎంతుందో చెప్పింది. నాయన కంచం పక్కకు జరిపి లేచినాడు.

"అంటే, ఇన్నాళ్లూ నేను మీకు విషం పెట్టినానంటావు."

"అట్లనలేదు నాయనా. నీకు తెల్దు, నాకూ తెల్దు. ఇప్పుడు తెలిసింది. తెలిసినాక ఊరుకుంటేనే తప్పు."

"ఆ మిషన్లు ఒకోసారి ఒకోటి చెప్తాయి."

"సరే, మిషన్ను నమ్మొద్దు. నేను ఏ పొద్దన్నా బ్యాటరీ ముట్టినానా? మరి నా నెత్తుట్లోకి సీసం ఎట్ల వచ్చిందో నువ్వే చెప్పు."

ఆయన పెరటి తలుపు దగ్గర నిలబడి పొయ్యి దిక్కు చూస్తా ఉండిపోయినాడు. అప్పుడు నూర్జాన్ పైట కొంగుతో చెయ్యి తుడుచుకుని కూతురి ముందుకొచ్చి కూర్చుంది. రవిక చెయ్యి పైకి లాగి చెయ్యి చాచింది.

"ముందు నాది తియ్యి. ఆ పొయ్యి దగ్గర అందరికంటే ఎక్కువ కూర్చునింది నేను గదా."

మరుసటి దినం ఇంద్రాణి వచ్చి తీసింది. నూర్జాన్ రక్తంలో సీసం కూతురి దానికంటే ఎక్కువుంది. ఎప్పుడూ చూపించుకోని రక్తపోటు కూడా ఆమెకు ఎక్కువే ఉంది. తలనొప్పి అని ఏండ్ల తరబడి అమృతాంజనం రాసుకుంటా ఉండింది దానికే కావచ్చు. ఆ ఫలితం విన్నాక అబ్దుల్ గఫూర్ గడ్డపార తీసుకుని పెరట్లోని పొయ్యిని తానే పెళ్లగించినాడు. ఆ చుట్టూ ఉన్న మట్టిని గోతాల్లో ఎత్తించినాడు. తర్వాత కూతుర్ని పిలిచి, మీ నర్సమ్మ ఎప్పుడు వస్తుందని అడిగినాడు.

తన రక్తం ఇంట్లో తీయించుకోనన్నాడు ఆయన. షెడ్డుకు పోదామన్నాడు. ఈశ్వరప్ప సీసం ఆపేస్తే అనంతపురం నుంచి తెచ్చుకుంటాననీ, అంతకీ కాకపోతే సైకిలు అంగడి పెట్టుకుంటాననీ దోవలో చెప్పినాడు. షెడ్డులో పనివాళ్లందరి మధ్య మంచం మీద కూర్చుని, చొక్కా చెయ్యి మడిచినాడు. ఇంద్రాణి సూది గుచ్చుతాండగా ఆయన చౌడప్పతో మాట్లాడినాడు.

"చూడు చౌడప్పా. నా బిడ్డ నెత్తుట్లోనే ఉండాది సీసం. ఇంట్లో ఉన్నదానికే అంతుంటే, బట్టీ ముందర నిలబడేవానికి ఎంతుంటాది? బలం పోతాదని భయపడ్తాండావు. అతావుల్లా బలం యాడికి పోయిందప్పా?"

చౌడప్ప తలగుడ్డ విప్పి, బీడీ పారేసి, వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆయన వెనకాల ప్లేట్లు ఏరే నల్లమ్మ వచ్చింది. ఆ తర్వాత మిగిలినవాళ్లు. ఈశ్వరప్ప ఆ పొద్దు ఊర్లో లేడు. తెలిసినాక అబ్దుల్ గఫూర్ అంగడికి సీసం ఆపేసినాడు, అనుకున్నట్టే.

రక్తం, రక్తపోటు, ఈసీజీ. ఆ ఏడాదంతా సుల్తానా పని అదే. ఇంకో రెండు షెడ్లవాళ్లూ, హిందూపురం బ్యాటరీ అంగళ్లవాళ్లూ చేరినారు. కొందరు ఒకసారి వచ్చి మళ్లీ రాలేదు. ఒకసారి ఐసు కరిగిపోయి, తెచ్చినదంతా పారబోయాల్సి వచ్చింది. వాళ్లందరి దగ్గరికీ తిరిగి పోయి, ఎందుకు మళ్లీ అడుగుతోందో చెప్పి, మళ్లీ తీసుకుంది.

అంతా అయినాక విష్ణువర్ధన్ అడ్డం తగిలినాడు. షెడ్లవాళ్లకు రక్తపోటు ఎక్కువుంది నిజమే. కానీ వాళ్లు బీడీలు తాగుతారు, బరువులు ఎత్తుతారు, ఎండలో ఉంటారు, ఉప్పు ఎక్కువ తింటారు. సీసం వల్లనే అని ఎట్లా అంటావని అడిగినాడు. సుల్తానాకు మొదట కోపం వచ్చింది. హాస్టలుకు పోయి ఆలోచిస్తే, చిన్నాయన పోయినప్పుడు ఇంటికి వచ్చినవాళ్లు అన్నదీ అదే అని గుర్తుకొచ్చింది. వాళ్లకు జవాబు చెప్పలేకనే కదా ఈ దారి పట్టింది. ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

అన్ని విధాలా షెడ్డువాళ్ల మాదిరే ఉండి, సీసం మాత్రం ముట్టనివాళ్లు కావాలి. అటువంటివాళ్లు యాడ దొరుకుతారని ఇంట్లో అంటుంటే నాయనే దారి చూపించినాడు. హిందూపురం చింతపండు మండీలో మూటలు మోసే హమాలీలు. బరువులెత్తుతారు, బీడీలు తాగుతారు, షెడ్డువాళ్లు తినేదే తింటారు. వాళ్ల మేస్త్రీ బసప్ప ఆయనకు పాత స్నేహితుడు. అబ్దుల్ గఫూర్ కూతురి వెంట మండీకి పోయి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఇది ఎందుకో తానే చెప్పినాడు. చెప్పీ చెప్పీ, రక్తపోటు అంటే ఏమిటో కూతురి కంటే బాగా చెప్పే స్థితికి వచ్చినాడు. తనకూ అది ఎక్కువే ఉందని, ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నానని జేబులోంచి తీసి చూపించేవాడు.

లెక్కలు చివరికి ఒక కొలిక్కి వచ్చినాయి. వయసూ బరువూ ఒకటే అయి, ఇద్దరూ బీడీలు తాగేవాళ్లే అయినా, హమాలీకీ షెడ్డుమనిషికీ మధ్య రక్తపోటులో తేడా కనిపించింది. షెడ్డువాళ్లలో కూడా రక్తంలో సీసం ఎక్కువ ఉన్నకొద్దీ రక్తపోటు పైకి పోతోంది. ఎక్కువ ఏండ్లు పనిచేసినవాళ్లలో కొందరి ఈసీజీల్లో గుండె ఎడమ గది మందమైన గుర్తులున్నాయి. విష్ణువర్ధన్ ఆ పట్టికలను రెండుసార్లు మొదటి నుంచి చివరి దాకా చూసి, ఇక నేను అడిగేది ఏమీ లేదన్నాడు.

పిన్నమ్మకు ఆ సంగతి తెలిసి ఇంటికొచ్చింది. పేపర్లో రాసేది, డిగ్రీ వచ్చేది ఆమెకు అక్కర్లేదు. ఒక్క మాట కావాలి.

"మీ చిన్నాయనను తీసుకుపోయింది సీసమేనా? అవునో కాదో చెప్పు చాలు."

సుల్తానా అవునని అనేయొచ్చు. ఆ ముఖం చూస్తే అనాలనే ఉంది. కానీ చిన్నాయన రక్తం ఎవరూ తీయలేదు, ఆయన గుండెను ఎవరూ చూడలేదు.

"ఆయనొక్కని గురించి చెప్పలేను పిన్నమ్మా. చేతిని పాడుచేసింది సీసమే, అది గట్టిగా చెప్తా. సీసం పని చేసేవాళ్ల గుండె మీద అందరికంటే ఎక్కువ భారం పడ్తాదని గట్టిగా చెప్తా. ఆ దినం ఆయన గుండె ఆగింది దానివల్లనే అని మాత్రం చెప్పలేను."

పిన్నమ్మ ఏడ్వలేదు. చేతి మాట చాల్లే అనింది. నరాల బలహీనత అన్నవాళ్లంతా ఆయన్ను చేతగానివాణ్ణి చేసి మాట్లాడినారని, అదొక్కటే తన కడుపులో ఉండిపోయిందని చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వచ్చింది అసలు కష్టం. విష్ణువర్ధన్ ఈ ఫలితాలను బెంగుళూరులో ఒక సభలో చదివినాడు. అది విన్న విలేఖరి ఎవరో జిల్లా పేపర్లో రాసినాడు. వారం తిరక్కుండానే ఆఫీసర్లు జీపులో వచ్చి ఈశ్వరప్ప షెడ్డుకు బీగం వేసినారు. ఆ ఏడు కూడా వానల్లేవు. వేరుశనగ కాయ పట్టక చెట్టు చెట్టే గొడ్లకు వేసినారు. కూలి అనేది చుట్టుపక్కల యాడా లేదు. చౌడప్ప హిందూపురం వచ్చి అంగడి ముందర నిలబడినాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నీకు డిగ్రీ వస్తాది. మాకు పని పోయింది. మా రక్తం తీసుకునేటప్పుడు ఈ మాట చెప్పలేదే పాపా?"

సుల్తానా చెప్పలేదన్నది నిజమే. బీగం వేయిస్తానని ఆమె అనుకోనూ లేదు. షెడ్డు మూయాలన్నది ఆమె ఉద్దేశం కాదు. చేతులు కడుక్కునే నీళ్లు, బట్టలు మార్చుకునే గది, బట్టీకి పొగ గొట్టం, ముక్కుకు కట్టుకునేది ఒకటి, అన్నం తినేదానికి షెడ్డు బయట నీడ, ఇవి ఉంటే రక్తంలో సీసం ఎంత తగ్గుతుందో చూడాలన్నది ఆమె తర్వాతి పని. ఇంట్లో ఆ పొయ్యి తీసేసినాక అమ్మ రక్తంలో సీసం తగ్గడం ఆమె కండ్లారా చూసింది. ఆ మాటే చౌడప్పకు చెప్పింది. ఆయన విన్నాడో లేదో, తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయినాడు.

కొన్ని నెలలకు తెలిసింది, ఈశ్వరప్ప సరిహద్దు దాటి కర్ణాటకలో అదే మాదిరి షెడ్డు ఇంకొకటి లేపినాడని. ఇక్కడి ఆఫీసర్ల మాట అక్కడ చెల్లదు. నీ డిగ్రీ అయిపోవస్తోంది, ఇంక ఆ మనిషి జోలికి పోవద్దని విష్ణువర్ధన్ చెప్పినాడు. ఇంద్రాణి కూడా అదే అనింది. సుల్తానా థీసిస్ రాసి ఇచ్చేసింది. ఇచ్చిన వారంలోనే, ఆ షెడ్డులో నీళ్లూ పొగ గొట్టమూ పెట్టించమని, పనివాళ్ల రక్తం చూడనివ్వమని అక్కడి ఆరోగ్య కేంద్రానికి, కార్మిక శాఖకు అర్జీలు పెట్టింది. వాళ్లు కదల్లేదు. మళ్లీ పెట్టింది. ఎవరో ఒకరు విసిగిపోయి రమ్మనేదాకా పోతానే ఉంటానని అమ్మతో చెప్పింది.

కదిలింది ఆఫీసర్లు కాదు. కబురు చౌడప్ప దగ్గర నుంచి వచ్చింది. ఈశ్వరప్ప బట్టీ పని తెలిసిన పాతవాళ్లనే పిలిచినాడు. సీసం ఎంత వేడిలో కరగాలో, ఎప్పుడు పోయాలో కొత్తవాళ్లకు తెలియక సరుకు పాడవుతోంది. చౌడప్ప, నల్లమ్మ, మిగిలినవాళ్లూ ఒక మాట మీద నిలబడినారు. నీళ్ల కొళాయి, బట్టలు మార్చుకునే గది, పొగ గొట్టం ఉంటేనే వస్తామన్నారు. ఆరునెలలకోసారి ఆ పాప వచ్చి రక్తం చూడాలన్నారు. ఈశ్వరప్ప తిట్టినాడు, బతిమాలినాడు, కొన్నాళ్లు చూసినాడు. చివరికి కొళాయీ గదీ పెట్టించినాడు. గొట్టం ఈ ఏడు కాదన్నాడు. ఈ కబురు చెప్పేదానికి చౌడప్పే అంగడికొచ్చినాడు. ఈసారి లోపలికొచ్చి కూర్చుని నీళ్లు తాగినాడు.

రెండువేల నాలుగులో, వాన పడి తెరిపిచ్చిన ఒక ఉదయం సుల్తానా, ఇంద్రాణి, అబ్దుల్ గఫూర్ ముగ్గురూ ఆ కొత్త షెడ్డుకు పోయినారు. కొళాయిలో నీళ్లు వస్తున్నాయి. బట్టల గది అంటే నాలుగు రేకులు నిలబెట్టిందే కానీ, లోపల మేకులకు శుభ్రమైన చొక్కాలు తగిలించి ఉన్నాయి. బట్టీ పొగ ఇంకా షెడ్డులోనే తిరుగుతోంది. ఈశ్వరప్ప జీపులోంచి దిగకుండా చూస్తా, ఏమప్పా గఫూరూ, కూతుర్ని నా మీదికి వదిలినావే అన్నాడు. పొగ గొట్టం ఎప్పుడు పెట్టిస్తావని అడిగినాడు అబ్దుల్ గఫూర్. జీపు వెళ్లిపోయింది.

చౌడప్ప చేతికి పట్టీ చుట్టి, సుల్తానా గాలి కొట్టి రక్తపోటు చూసింది. ఎక్కువగానే ఉంది కానీ, పోయిన ఏడంత లేదు. మాత్రలు వేసుకుంటున్నావా అంటే, వేసుకుంటున్నానన్నాడు. నల్లమ్మ, ఆ తర్వాత పాతవాళ్లందరూ అయిపోయినారు. షెడ్డు మూలలో గోడకు ఆనుకుని కొత్తగా చేరిన ఆ ఊరివాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. తెలుగు సరిగ్గా రాదు వాళ్లకు. ఐసు డబ్బానూ సూదినీ చూసి అడుగు వెనక్కు వేస్తున్నారు. ఇంద్రాణి పొద్దు చూసి, వీళ్లను ఇంకోసారి చూద్దామా అని అడిగింది.

సుల్తానా వద్దనింది. మంచం వాళ్ల దగ్గరికి జరిపించి, తన కమీజు చెయ్యి పైకి మడిచి, ఇంద్రాణిని ముందు తన రక్తమే తీయమనింది. సూది గుచ్చుతాండగా, తనకొచ్చిన కన్నడంలోనే సీసమంటే ఏమిటో వాళ్లకు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.